ఉప్పు పెట్టిన రాతిపురుగు

కాలేజీ పెద్దలారా, రామకోటిని సారా దొంగను చేసింది మీరే. ప్రిన్సిపాలు నరసింహరాజు గారూ, మీరు సంతకం పెట్టి చేశారు. హెడ్ గుమస్తా జోగారావు గారూ, మీరు తాళం వేసి చేశారు. లెక్చరరు వెంకట్రాజు గారూ, మీరు అందరికన్నా సులువుగా, ఇంగ్లీషులో రెండు మాటలు రాసి చేశారు. ఏలూరు మీ ముగ్గురికీ దండలు వేసింది. రామకోటికి సస్పెన్షను కాగితం వచ్చింది.

రామకోటి కొల్లేటి లంకలో పుట్టినవాడు. కాలేజీలో జువాలజీ ల్యాబు అటెండరు. బురదనీళ్లలో చెయ్యి పెట్టి, కంటికి ఆనని చేపను వేళ్లతో తడిమి పట్టగలడు. ఆ చెయ్యి చూసే వెంకట్రాజు గారు అతన్ని చింతలపూడి పైనున్న రాళ్లవాగుకు వెంట తీసుకెళ్లేవారు. కొల్లేట్లో వెతికినా రాయి దొరకదు. ఈ వాగులో రాయి తప్ప మరోటి దొరకదు. యాభై అయిదులో అక్కడ ఒక రాతికి అంటుకుని ఏదో పురుగు విడిచిన తొడుగు కనపడింది. నీళ్లలో రాళ్లకింద పెరిగి, రెక్కలొచ్చే వేళకు రాయెక్కి ఒళ్లు విడిచే జాతి అది. పుస్తకాలు స్టోన్‌ఫ్లై అంటాయి. మనవాళ్లకు దానితో పని పడలేదు కనక పేరు పెట్టలేదు. వెంకట్రాజు గారే రాతిపురుగు అన్నారు.

"ఇది లోకానికే కొత్తదేమోరా రామకోటీ. రెక్కలొచ్చిన మగది ఒకటి కావాలి. దాని కడుపు చివర చూస్తేగాని చెప్పలేం."

"చివర ఏముంటుందండీ?"

"దాని ఇంటిపేరు ఉంటుంది" అన్నారాయన.

మరుసటేడు ఉగాది వెళ్లిన వారానికి, పురుగుకు రెక్కలొచ్చే అదనులో, వెంకట్రాజు గారు పరీక్షల పనిమీద తాడేపల్లిగూడెంలో చిక్కుకుపోయారు. నువ్వే వెళ్లు, దొరికిన వెంటనే స్పిరిట్టులో వెయ్యి అని కబురు పంపారు.

స్పిరిట్టు జోగారావు గారి బీరువాలో ఉంది. మద్యనిషేధం రోజులు. కప్పను నిలవ చెయ్యడానికైనా సర్కారు పర్మిట్టు కావాలి. పాత పర్మిట్టు మార్చి ముప్పైఒకటితో అయిపోయింది. కొత్తది ఇంకా రాలేదు.

"చిన్న సీసాడు ఇప్పించండి. పురుక్కండీ."

"అది తాగుతుందో నువ్వు తాగుతావో నాకెలా తెలుస్తుందయ్యా?"

"నాకు వాసనే పడదండీ."

"అయితే జులై దాకా ఆగమను నీ పురుగుని. పర్మిట్టు వచ్చాక తీరిగ్గా చావమను."

రామకోటి ఖాళీ సీసాతో బస్సెక్కాడు. పొద్దున్నే వాగులో దిగి, రాయి రాయీ తిప్పి, మూడు పట్టాడు. రెండు ఆడవి, ఒకటి మగది. ఇస్త్రీ పంచె మడత పెట్టినట్టు రెక్కలు వీపుమీద సర్దుకుని ఉన్నాయి, వెనక రెండేసి తోకలు. మధ్యాహ్నానికి మూడూ చచ్చిపోయాయి. ఆ ఎండకు సాయంత్రానికల్లా కుళ్లిపోతాయి. రామకోటి కాసేపు ఆలోచించి, వాళ్లమ్మ మంగాయమ్మ అమ్ముడుపోని చేపకు జీవితమంతా ఏం చేసిందో అదే చేశాడు. కొట్టులో ఉప్పు తెచ్చి మెత్తగా నూరాడు. పురుగులకు పట్టించి, టేకాకు మీద ఎండబెట్టి, కాకుల్ని తోలుతూ కూర్చున్నాడు.

"ఎంతమందికి కూరవుద్దయ్యా?" అని కొట్టువాడు నవ్వాడు.

వెంకట్రాజు గారు చూసి తల పట్టుకున్నారు. "ఉప్పుచేప చేశావేంట్రా దీన్ని!"

"కుళ్లలేదు కదండీ."

కుళ్లలేదు. మగదాన్ని గోరువెచ్చని నీళ్లలో నానేసి, ఉప్పు కడిగి భూతద్దంకింద పెడితే, కడుపు చివరి కొక్కెం వెంట్రుకలతో సహా కనపడింది. మూడు వారాలు కూర్చుని బొమ్మలు గీశారు. అవి చూసి కలకత్తాలో పెద్ద నిపుణుడు ఇది కొత్త జాతే అని జాబు రాశాడు. ఆవేళ వెంకట్రాజు గారు రామకోటి భుజంమీద చెయ్యి కూడా వేశారు.

ఆ తర్వాత వర్ణన రాయడానికి కూర్చున్నారు. ఒంటి పొడవు, రెక్క ఈనెలు, తోక కణుపులు, దేన్నీ వదల్లేదు. ఎలా నిలవ చేశారన్న చోటికి వచ్చేసరికి కలం ఆగింది. ఉప్పేసి ఎండబెట్టామంటే కలకత్తావాళ్లు నవ్వరూ? 'స్పిరిట్టులో' అని రాసేశారు. కాలేజీకి స్థలమిచ్చిన కనకరాజు గారి పేరు పురుగుకు పెట్టారు. కనకరాజు గారు ఆ వాగు ముఖం చూసి ఎరగరు. పట్టినవాడి పేరు ఉండాల్సిన చోట 'స్థానిక సహాయకుడు' అని ఉంది.

యాభై ఏడులో అచ్చుకాగితాలు వచ్చాయి. సభ పెట్టారు. ముందు వరసలో ప్రొహిబిషన్ ఇన్‌స్పెక్టరు సోమరాజు గారు కూర్చున్నారు. తలా ఒక కాగితం పంచితే ఆయనా తిరగేశారు. ఈనెలు అర్థం కాలేదు. కణుపులూ అర్థం కాలేదు. స్పిరిట్టు దగ్గర మాత్రం ఆయన పాండిత్యం మేలుకుంది. పక్కనే తేదీ ఉంది.

"ఏవండీ ప్రిన్సిపాలు గారూ, కిందటేడు ఏప్రిల్లో మీకు పర్మిట్టు లేదు కదండీ. మరి ఈ స్పిరిట్టు ఎక్కడిదండీ?"

జోగారావు గారు పరుగున వెళ్లి రిజిస్టరు తెచ్చారు. సీసాల సీలు చెదరలేదు, చుక్క తగ్గలేదు. అంటే స్పిరిట్టు బయటిది. బయటిదంటే దొంగసారా. పురుగును తెచ్చింది రామకోటి కనక సారా తెచ్చిందీ రామకోటే. పురుగును పట్టినప్పుడు కనపడని అతని పేరు ఇప్పుడు అందరికీ గుర్తొచ్చింది.

మర్నాడు ప్రిన్సిపాలు గారి గదిలో విచారణ.

"ఉప్పండీ బాబూ. ఉప్పేసి ఎండబెట్టానండీ."

"అచ్చులో స్పిరిట్టని ఉందే?" అన్నారు ప్రిన్సిపాలు గారు.

"నాకు ఇంగ్లీషు రాదండీ, ఉప్పెయ్యడం వచ్చండీ. ఆడవి రెండూ ఇంకా ఉప్పుతోనే ఉన్నాయి. లెక్చరరు గారి సొరుగులో, అగ్గిపెట్టెలో. తీసి చూడండి. నాలిక్కి తగిలిస్తే తెలిసిపోద్ది."

"సారా అయింది, ఇప్పుడు పురుగులు నాకమంటున్నావా?" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

అందరూ వెంకట్రాజు గారి వైపు చూశారు. ఆయన కిటికీ వైపు చూశారు.

"అవి శాస్త్రానికి చెందినవండీ. ఎవరు పడితే వారు ముట్టుకోకూడదు. స్పిరిట్టు ఎవరు తెచ్చారో నాకు గుర్తులేదు."

పదేళ్లుగా ఆయనకు కప్పలు, పాములు అందించిన రామకోటి ఆయన ముఖంలోకి చూశాడు. తిడదామనే నోరు తెరిచాడు. "అయ్యగారండీ" అన్న మాట ఒక్కటే వచ్చింది.

ఇంట్లో భార్య ఆదిలక్ష్మి ఆ మాత్రం మర్యాద కూడా పాటించలేదు. "పురుగు ఇంటిపేరు కనుక్కోడానికెళ్లి మనకి దొంగోళ్లని పేరు తెచ్చావు కదయ్యా! ఆ చేతులకి వల చాల్లేదా?" అంది. రామకోటి అన్నం కలుపుకుని, తినకుండా చెయ్యి కడిగేసుకున్నాడు.

సస్పెన్షను కాగితం అందిన పదిహేను రోజుల్లో జవాబు చెప్పుకోవాలి. లేకపోతే ఉద్యోగం పోతుంది, కేసు కోర్టుకెక్కుతుంది. రామకోటి రాయించిన జవాబు చిన్నది: ఉప్పు వేశాను, సారా ఎరగను. అచ్చులో లేనిది నమ్మం అన్నారు ఆఫీసువాళ్లు. ఎనిమిది రోజులు అయిపోయాయి.

వెంకట్రాజు గారూ, రేపు పొద్దున్న పదిమంది ముందు ఆ సొరుగు తెరవండి. కలకత్తాకు ఇవాళే జాబు రాయండి. స్పిరిట్టన్నది అబద్ధమని, ఉప్పు పెట్టి ఎండబెట్టామని, పట్టిందీ ఎండబెట్టిందీ కొల్లేటి రామకోటి అని పేరుతో సహా అచ్చు వేయించండి. ప్రిన్సిపాలు గారూ, ఆ సస్పెన్షను కాగితాన్ని చించి, అతన్ని ల్యాబులోకి పిలవండి. ఇంకా ఏడు రోజులు ఉంది కదా అనుకోకండి. ఇవాళే చెయ్యండి.