రసమట్టానికి లొంగని గడియారం

అమలాపురం గడియార సేకర్తల సంఘంలో ఒక కఠినమైన నియమం ఉండేది. సంఘం ద్వారా సంపాదించిన గడియారం, సభ్యుడు మరణిస్తే, సంఘానికే తిరిగి చేరాలి. వారసులెవరైనా దానిని సమావేశంలో, గంట కొట్టేవరకు ఆగకుండా నడిపించి చూపితే మాత్రం వారికే దక్కుతుంది. నడపలేని చేతుల్లో గడియారం ఉత్త చెక్కపెట్టె అవుతుందని అధ్యక్షులు అచ్యుతరామయ్య గారి అభిప్రాయం.

1981 వేసవిలో విజయకుమారి, సంఘ సభ్యుడైన తన తండ్రి మత్తయి గారి లోలకపు గడియారాన్ని దుప్పటిలో చుట్టి, మామిడికుదురు నుంచి బస్సులో ఒడిలో పెట్టుకుని సంఘం సమావేశానికి తెచ్చింది. తండ్రి పోయాక ఆ ఇంట్లో చప్పుడంటూ మిగిలింది అదొక్కటే. దానిని వదులుకుని తిరిగి వెళ్లే ఉద్దేశం ఆమెకు లేదు.

గడియారాన్ని గోడకు తగిలించి లోలకాన్ని ఊపింది. అచ్యుతరామయ్య గారు రసమట్టం తెచ్చి పెట్టె మీద ఆనించి, గాలిబుడగ నడిమికి వచ్చేవరకు సరిచేశారు. కొద్దిసేపు నడిచి గడియారం ఆగిపోయింది. మళ్లీ ఊపింది, మళ్లీ ఆగింది.

"మామిడికుదురు గడియారం కదండీ, అమలాపురం నీళ్లు పడలేదు," అన్నారు సభ్యులు కామేశ్వరరావు గారు, తన జేబు గడియారానికి కీ ఇస్తూ.

"ఇదే ఆఖరిసారమ్మా," అన్నారు అధ్యక్షులు.

విజయకుమారి లోలకాన్ని ఊపి కళ్లు మూసుకుంది. ఒక చప్పుడు పొడుగ్గా, తరవాతిది పొట్టిగా, కుంటుతున్నట్టు వినిపిస్తున్నాయి. ఇంట్లో రెండూ సమానంగా ఉండేవి.

"మాస్టారండీ, మా ఇల్లు కాలువ గట్టు మీదండీ. గోడ ఓ పక్కకి కుంగిపోయింది. గచ్చు మీద నిమ్మకాయ పెడితే కాలువ వైపు దొర్లుకుపోద్దండీ."

"అయితే?"

"నాన్నగారు దీన్ని గుమ్మానికి సమంగా బిగించేరండీ. ఆ గుమ్మమే వాలిపోయింది. లోలకాన్ని ఆడించే లోపలి కడ్డీ ఆ వాలుకే సరిపెట్టుంటారు."

పెట్టె అడుగు భాగాన్ని ఎడమకు నెట్టింది. చప్పుళ్లు రెండూ సమానమయ్యాయి.

"కల్లు తాగొచ్చినట్టుందండోయ్!" అన్నారు కామేశ్వరరావు గారు.

అచ్యుతరామయ్య గారు అప్రయత్నంగా రసమట్టంతో లేచారు.

"దాని మీద చెయ్యి వెయ్యకండి మాస్టారండీ!"

"ఆయ్," అని కూర్చున్నారు. కూర్చున్నా చూపు అక్కడే ఉంది. మళ్లీ లేవబోయి, చివరికి రసమట్టాన్ని కామేశ్వరరావు గారి చేతిలో పెట్టి, కుర్చీని కిటికీ వైపు తిప్పుకుని, గడియారానికి వీపు పెట్టి కూర్చున్నారు.

గడియారం ఐదు కొట్టింది.

"ఎంత వాలమ్మా అది?" అని తిరగకుండానే అడిగారు.

"మా గోడ ఎంత వాలిందో అంతేనండీ."



"తీసుకెళ్లమ్మా, నీదే," అన్నారు. "ఆ గోడ మాత్రం బాగుచేయించకు."