బక్కమ్మ చూసిన దేశం

ఉల్లిగడ్డల బస్తాను తొడ మీదికి ఎత్తుకుని, అక్కణ్నుంచి బస్సు కింది అరలోకి తొయ్యబోతూ బక్కమ్మ ఆగిపోయింది. ఎడమ భుజం కింద ఎవరో మోకాలు ఆనించి నొక్కుతున్నట్టుంది. బస్తాను అలాగే అర అంచుకు ఆనించి, తలుపు పట్టుకుని నిలబడింది. తెల్లవారుజాము చలికి పటాన్‌చెరు రోడ్డు మీద టీ బండివాడు మంకీ క్యాపు పెట్టుకుని ఉన్నాడు. ఆమె మెడ మీద మాత్రం చెమట పట్టింది. కొంగుతో తుడుచుకుంది. రాత్రి తిన్న వంకాయ కూర మీదికి నేరం నెట్టేసి, మళ్లీ వంగి బస్తాను లోపలికి తోసింది.

ఆమెకు యాభై ఆరేళ్లు. పేరుకు తగ్గట్టే బక్కపలచటి మనిషి. చేతులు మాత్రం ఆ ఒంటివి కావనిపిస్తాయి. వేళ్లు లావెక్కి, అరచేతులు తెల్లగా ముడతలు పడి, వేళ్ల సందుల్లో తోలు లేచి ఉంటుంది. గోళ్లు సగానికి అరిగిపోయాయి. రేషన్ దుకాణంలో మిషను ఆమె వేలిముద్రను గుర్తుపట్టదు. కూతురు వనజ పోయి వేలు పెట్టాల్సిందే.

బస్సు యాదన్నది. ఆయనదీ బక్కమ్మ ఊరు లక్డారమే. పదకొండేళ్ల కింద ఒక పాత బస్సు కొని, జనాన్ని దేశం తిప్పడం మొదలుపెట్టాడు. ఎక్కేవాళ్లు చాలామంది ఇక్కడి పెద్ద ప్లాంటులో పనిచేసి రిటైరైన ఆంధ్రావాళ్లు. కోటలు, గుళ్లు, కొండలు, మంచు, సముద్రం అన్నీ చూపిస్తాడు. వేళకు ఇంటి తిండి పెడతాడు. వండడానికి పాండు, అంట్లు తోమడానికి బక్కమ్మ.

అలా ఆమె ఢిల్లీకి ఆరుసార్లు, ఆగ్రాకు ఆరుసార్లు, శ్రీనగర్‌కు రెండుసార్లు వెళ్లింది. జైపూర్, ఉదయపూర్, హంపి, మైసూరు, ఊటీ, పూరీ, ఏ ఊరి పేరు చెప్పినా ఆమె వెళ్లిన ఊరే. ఏ ఊళ్లో ఏముందో అడిగితే చెప్పలేదు. బస్సు ఆగగానే జనం టోపీలు పెట్టుకుని లోపలికి వెళ్లిపోయేవాళ్లు. వాళ్లు తిరిగొచ్చేలోపు పొద్దుటి గిన్నెలు తోమి, మధ్యాహ్నం వంటకు అందించాలి. ఆమెకు ఊళ్లు నీళ్లతోనే గుర్తు. ఆగ్రా నీళ్లు ఉప్పన, సబ్బు నురగ రాదు. జైపూర్ నీళ్లు గిన్నె అడుగున తెల్లటి పొర వదిలిపోతాయి. శ్రీనగర్ నీళ్లు ఎముకను కరుస్తాయి. ఒకసారి వేళ్లు నీలం తిరిగితే పాండు ఆమెను తీసుకొచ్చి పొయ్యి పక్కన కూర్చోబెట్టాడు. పూరీలో ఇనుము రుచి, ఊటీలో ఆకు పసరు. ప్రయాణికులు సీసా నీళ్లు తాగేవాళ్లు. ఆమె ఏ కుళాయి దగ్గర కూర్చుంటే ఆ కుళాయి నీళ్లే తాగేది.

సొంతూరి నీళ్ల సంగతి ఆమె ఎవరికీ చెప్పేది కాదు. కాపురానికి వచ్చిన కొత్తలో వాగులో చెలిమె తవ్వి నీళ్లు తెచ్చుకున్నారు. తర్వాత వాగు రంగు మారింది. ఒక ఏడాది పసుపు, ఒక ఏడాది తుప్పు. మొదట చేపలు తేలాయి, ఆ తర్వాత బర్రె కాళ్లు ఈడ్చుకుని పడిపోయింది. ఎకరన్నర పొలంలో వరి మొలక నల్లబడి వంగిపోయింది. భర్త పెద్దరాములు పొలం వదిలేసి ఒక ఫ్యాక్టరీలో మందు డ్రమ్ములు కడిగే పనికి కుదిరాడు. ఆరేళ్లు కడిగాడు. ఆ తర్వాత రెండేళ్లు దగ్గాడు. ఆయన పోయిన ఏడాదే యాదన్న వచ్చి, "బస్సు మీద వస్తవా అక్కా?" అని అడిగాడు.

"అమ్మా!"

వనజ షేర్ ఆటో దిగి గబగబా వస్తోంది. మెడలో కంపెనీ కార్డు వేలాడుతోంది. సుల్తాన్‌పూర్‌లో ఆస్పత్రి సామాను చేసే ఫ్యాక్టరీలో ప్యాకింగు పని ఆమెది. చేతిలో నాలుగు మడతల కాగితం ఉంది.

"చీటీ బియ్యం డబ్బాల దాచినవు. నాకు దొరకదనుకున్నవా?"

"జెర మెల్లగ మాట్లాడు. యాదన్న ఇంటడు."

"ఇననీ. కిందటి వారం క్యాంపుల డాక్టరు ఏమన్నడో ఆయనకు గూడ తెల్వాలె. గుండె నరం పూడుకపోయిందన్నడు. బరువులు లేపొద్దన్నడు. వారంల పెద్దాసుపత్రికి పొమ్మన్నడు."

"పద్నాలుగు దినాలే గద. వచ్చినంక నువ్వు యాడికంటే ఆడికి వస్త."

"గట్ల ఆగేది గాదమ్మా అది. నేను దినాం ఏం ప్యాక్ చేస్తనో ఎర్కేనా నీకు? గుండె నరంల పెట్టే జాలి గొట్టాలు. ఏ ఊరోళ్లకో, ఏ దేశపోళ్లకో నా చేతుల మీదికెళ్లి పోతున్నయి. నువ్వేమో ఈడ బస్తాలు లేపుతున్నవు."

బక్కమ్మ అర తలుపు మూసి గడియ వేసింది.

"ఈసారి లోపటికి పోతనే," అంది. "లక్ష్మమ్మ నాక్కూడ టికెట్ తీస్తనన్నది. యాదన్నతోని మాట్లాడింది. పదకొండేండ్లాయె. ఒక్కపారి సూసి వస్త."

తల్లి తన కోసం ఏదైనా కావాలని అడగడం వనజ ఎన్నడూ వినలేదు. రోడ్డు అవతల కంపెనీ బస్సు హారన్ కొట్టింది.

"దినాం ఫోన్ చెయ్యి."

"డ్యూటీల నువ్వు ఎత్తనే ఎత్తవాయె."

"లోపటికి తీస్కపోనియ్యరమ్మా. డబ్బాల పెట్టి తాళమేసి పోవాలె." తల్లి మెడ మీది చెమటను అరచేత్తో తుడిచి, ఆ చేతిని ఒకసారి చూసుకుని, వనజ రోడ్డు దాటింది.

ఏడింటికి ప్రయాణికులు వచ్చారు. బక్కమ్మ లక్ష్మమ్మ అని పిలిచే వెంకటలక్ష్మి, ఆమె భర్త రామలింగేశ్వరరావు ముందు సీట్లలో కూర్చున్నారు. ఆయన ప్లాంటులో ముప్పై రెండేళ్లు పనిచేశాడు. భీమవరం దగ్గర నుంచి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. యాదన్న బస్సులో ఇది వాళ్లకు మూడో ప్రయాణం. కిందటేడు ఆగ్రాలో, లోపలికి వెళ్లి వచ్చాక వెంకటలక్ష్మి, "ఎలా ఉంది బక్కమ్మా తాజ్‌మహలు?" అని అడిగింది. బక్కమ్మ చేస్తున్న పని ఆపకుండా, "మంచిగున్నదమ్మా. నీళ్లే జెర ఉప్పగున్నయి" అంది. అందరూ నవ్వారు, వెంకటలక్ష్మి కూడా నవ్వింది. తర్వాత, మోకాళ్ల దాకా తడిసిన చీరతో గిన్నెల మధ్య కూర్చున్న ఆ మనిషిని చూస్తుంటే నవ్వు ఎటో పోయింది. ఏడాదంతా అది ఆమెను వదల్లేదు.

బస్సు ఇస్నాపూర్ దాటింది. పొగగొట్టాల పైన సూర్యుడు ఉడికించిన గుడ్డు సొనలా పాలిపోయి ఉన్నాడు. రుద్రారం దగ్గర కాలేజీ పిల్లలు బ్యాగులు వేసుకుని రోడ్డు దాటుతున్నారు. బక్కమ్మ వెనక సీట్లో కిటికీకి తల ఆనించి కూర్చుంది. దవడలో పన్ను పోటులాంటి నొప్పి మొదలైంది. అక్కడ ఆమెకు పన్ను లేదు.

"ఏందక్కా, మొకం గట్లున్నది?" అన్నాడు పాండు.

"నిద్ర లేదు."

ఆమె కళ్లు మూసుకుంది.

మధ్యాహ్నానికి బీదర్ కోట చేరాలి. దారిలో ఫలహారానికని సంగారెడ్డి దాటి, మంజీర ఆనకట్ట దగ్గర బస్సు ఆపారు. రోడ్డు పక్కన తుమ్మచెట్ల కింద పాండు పొయ్యి ముట్టించి ఉప్మా చేశాడు. తినడం అయ్యాక జనం కట్ట మెట్ల వైపు నడిచారు. బక్కమ్మ చెంబుడు చెంబుడుగా, ఉప్మా వండిన పెద్ద గిన్నె, గంజు నిండా నీళ్లు పోసి, పీట వేసుకుని, చిన్న గిన్నెలు ముందర పెట్టుకుంది.

వెంకటలక్ష్మి వెనక్కి వచ్చింది.

"లే బక్కమ్మా. ఇక్కణ్నుంచే మొదలుపెడదాం."

"అడుగంటిందమ్మా. నానుతున్నది."

"నాననీ. నువ్వు కూర్చుంటే తొందరగా నానుతుందా?"

బక్కమ్మ యాదన్న వైపు చూసింది. ఆయన గడియారం చూసుకున్నాడు. "అరగంటల బయల్దేరాలె బక్కక్కా," అన్నాడు. వెంకటలక్ష్మి కదలకుండా నిలబడే సరికి, "సరే పో. జల్దీ రా," అన్నాడు.

తోమని గిన్నెలను వదిలి ఆమె లేవడం పదకొండేళ్లలో అదే మొదలు. తడి చేతులను ఏం చేసుకోవాలో తెలియక కొంగులో చుట్టుకుంది.

మెట్లు ముప్పై దాకా ఉంటాయి. పదో మెట్టు మీద ఆగింది. పదిహేనో మెట్టు మీద మళ్లీ ఆగింది. వెంకటలక్ష్మి తన మోకాళ్ల నొప్పి గురించి చెబుతూ మెల్లగా ఎక్కుతోంది కాబట్టి ఆ ఆగడం ఆమెకు తేడాగా కనిపించలేదు. బక్కమ్మ చెవుల్లో ఏదో హోరుమంటోంది. అది నీళ్ల చప్పుడే అనుకుంది.

పైకి వచ్చి చూసింది.

కంటికి ఆనినంత దూరం నీళ్లు. నీలం కాదు, పచ్చ కాదు, ఆకాశం ఎట్లా ఉంటే అట్లా ఉన్నాయి. మధ్యలో చిన్న దిబ్బలు, వాటి మీద తెల్లటి పిట్టలు. గాలి వీచినప్పుడల్లా నీళ్ల మీద సన్నటి మడతలు లేచి, ఒడ్డు దాకా వచ్చి, చప్పుడు లేకుండా అణిగిపోతున్నాయి. తన ఇంటి నుంచి గంటన్నర దారి కూడా లేదు. శ్రీనగర్ దాకా పోయి వచ్చింది, దీన్ని చూడలేదు.

ఆమె నీళ్ల వైపు రెండు అడుగులు వేసింది.

"ఓ అమ్మా! కిందికి దిగొద్దు!" కట్ట మీద కాపలా ఉండే శ్రీశైలం కర్ర ఊపుతూ వచ్చాడు. "మొసళ్లున్నయి. గా బండ మీద ఎండకు పడుకుంటయి. కనబడయి, బండ లెక్కనే ఉంటయి."

అందరూ అటు చూశారు. బండలు మాత్రమే ఉన్నాయి. అందులో ఏది బండో ఎవరికీ తెలియలేదు. రామలింగేశ్వరరావు నాలుగు అడుగులు వెనక్కి వేశాడు.

"గీ నీళ్లు యాడికి పోతయన్నా?" అని అడిగింది బక్కమ్మ.

"పట్నం పోతయి. పటాన్‌చెరు మీదికెళ్లే. పైపులు సూడలే నువ్వు?"

చూసింది. బస్సు కోసం నిలబడ్డప్పుడు వాటి మీద కూర్చుంది కూడా. మనిషి ఎత్తున ఉండే ఆ నల్ల గొట్టాల పక్కనే బిందె పట్టుకుని ట్యాంకరు కోసం ఎన్ని పొద్దులు ఎదురు చూసిందో. చెవి ఆనిస్తే లోపల పరుగు వినబడేది.

"జెర తాగనీకి ఇస్తవా? గీ నీళ్లేనా నీ డబ్బాలయి?"

శ్రీశైలం తన ప్లాస్టిక్ డబ్బా ఎత్తి ఆమె దోసిట్లో పోశాడు. కట్ట మీది రాతిపలక మీద కూర్చుని, కళ్లు మూసుకుని తాగింది. మళ్లీ దోసిలి పట్టింది. మళ్లీ తాగింది.

"ఎలా ఉన్నాయి?" అని అడిగింది వెంకటలక్ష్మి. అడుగుతూనే కిందటేడు సంగతి గుర్తొచ్చి గతుక్కుమంది.

బక్కమ్మ నాలుకతో పెదవి తడుముకుంది.

"ఏం లేవమ్మా," అంది ఆశ్చర్యంగా. "ఏ వాసన లేదు, ఏ రుచి లేదు. ఉత్త నీళ్లే."

వెంకటలక్ష్మికి అర్థం కాలేదు. మంచిదో కాదో తెలియక నవ్వి, ఫోను తీసింది. "అలాగే కూర్చో. ఇక్కణ్నుంచి మొదలుపెట్టి తాజ్‌మహలు దాకా అన్నిచోట్లా నీ ఫొటో తీస్తాను. వనజకి చూపిద్దువుగాని." నీళ్లూ మనిషీ ఒకేసారి పట్టేలా నాలుగు అడుగులు వెనక్కి జరిగింది. ఎండ అడ్డం వస్తే ఇటు జరిగింది. చెయ్యి అడ్డం పెట్టుకుని తెరలోకి చూసింది.

"ఇటు చూడు బక్కమ్మా."

బక్కమ్మ నీళ్ల వైపు చూస్తూనే ఉంది.

"ఒక్కసారి ఇటు తిరుగు."

దిబ్బ మీది పిట్టలు ఉన్నట్టుండి ఒక్కసారిగా లేచాయి. అందరూ ఏ మొసలి కదిలిందోనని అటు తిరిగారు. బక్కమ్మ మాత్రం తల ఎత్తలేదు. ఆమె గడ్డం మెల్లగా రొమ్ము మీదికి దిగింది. దోసిలి ఒడిలోనే ఉంది. వేళ్ల సందుల్లోంచి మిగిలిన నీళ్లు కారి చీర మీద పడుతున్నాయి.

శ్రీశైలమే ముందు గమనించి కర్ర పారేసి పరుగెత్తాడు. యాదన్న ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు. పలక మీద పడుకోబెట్టి, రొమ్ము అదిమారు, కాళ్లు రుద్దారు. ఎవరో మొహం మీద నీళ్లు చల్లారు. అంబులెన్సు ఇరవై నిమిషాల్లో వచ్చింది. అందులోంచి దిగినతను చెయ్యి పట్టుకుని చూసి, కళ్లు విప్పి చూసి, యాదన్న వైపు తల అడ్డంగా ఊపాడు.

యాదన్న వనజకు ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాడు. సుల్తాన్‌పూర్‌లో, తాళం వేసిన ఇనుప డబ్బాల వరుసలో ఒక డబ్బా సన్నగా వణుకుతూ ఉండిపోయింది.

కట్ట కింద ప్రయాణికులు గుంపులుగా నిలబడి మాట్లాడుకున్నారు. వెనక్కి వెళ్లిపోదామన్నారు కొందరు. ముందున్న ఊళ్లన్నింటిలో గదులు మాట్లాడి ఉన్నాయి కదా అన్నారు కొందరు. చివరికి బస్సు ముందుకే పోవాలని తేలింది. యాదన్న శవంతో సంగారెడ్డి పెద్దాసుపత్రికి వెళ్లి, తర్వాత బీదర్‌లో కలుసుకోవాలి. రామలింగేశ్వరరావు ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి, తమ రెండు సంచులూ కిందికి దించుకున్నాడు. వెంకటలక్ష్మి అప్పటికే అంబులెన్సులో బక్కమ్మ పక్కన కూర్చుని ఉంది. బిగుసుకుంటున్న ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. అంత గరుకుగా ఉంటుందని ఆమె అనుకోలేదు.

"వాళ్ల అమ్మాయికి నేనే చెప్తాను," అంది యాదన్నతో. "నేనే రమ్మన్నాను."

"నేను పొమ్మన్న గదమ్మా," అన్నాడు యాదన్న.

పాండు అంట్ల గిన్నెలను చేతికి దొరికినవి దొరికినట్టు బస్సు అరలో పడేశాడు. కళ్లు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. డ్రైవర్ రెండుసార్లు హారన్ కొట్టాడు. పదకొండున్నరకు బస్సు దుమ్ము లేపుకుంటూ జహీరాబాద్ రోడ్డెక్కింది.

తుమ్మచెట్టు కింద ఉప్మా గంజు ఉండిపోయింది. అంచు దాకా నీళ్లు. అడుగంటిన మాడు నాని నాని, పొరలు పొరలుగా ఊడి, ఒక్కొక్కటే పైకి తేలుతోంది.