పాట తెగకముందు అడిగిన ప్రశ్న

గౌరికి ఇంగ్లీషు రాదని తేల్చేసిన పెద్దమనుషులారా, మీకు సిగ్గనేది ఉందా? కళింగపట్నం ఒడ్డున హోటలు కట్టారు. ఊరోళ్ళకే ఉద్యోగాలన్నారు. మూడు నెలలు ఇంగ్లీషు నేర్పారు. ఆఖర్న ఏం వెలగబెట్టారో వినండి.

నేర్పింది నరసింగరావు సారు. టై బిగించుకుని, ఉప్పుగాలికి చెమటలు కక్కుతూ, రోజూ ఒకటే మంత్రం. "లుక్, స్మెల్, టేస్ట్, ఫీల్. వీటి వెనక 'లీ' తోక తగిలించొద్దు. స్మెల్స్ బేడ్ అనండి, బేడ్లీ అంటే తంతాను!"

గౌరికి అది నెత్తురులోకి ఇంకిపోయింది. ఎండుచేపల మీద వాలిన కాకుల్ని తోలుతూ "యూ లుక్ బేడ్! బేడ్లీ కాదు!" అని వాటికీ పాఠం చెప్పేది. భోజనాల హాల్లో ఉన్నది ఒకే ఉద్యోగం. అదొస్తే ఎండలో వంగి చేపలు తిరగేసే బతుకు తప్పుతుంది.

పరీక్ష రోజున సారుకి జ్ఞానోదయమైంది. గదిలో ఎందుకు, ఒడ్డున పెడితే హోటలు ప్రచారం వీడియో బాగా వస్తుంది కదా! సరిగ్గా అప్పుడే గౌరి తండ్రి నూకయ్య పడవ ఒడ్డుకొచ్చింది. బుట్ట నిండా కోనాం చేపలు, తళతళలాడుతూ. వేలం పాటకి బేరగాళ్ళు మూగారు. సారు ఆ బుట్టనే చూపించాడు.

"హౌ డజ్ ఇట్ లుక్? బ్యూటిఫుల్లా, బ్యూటిఫుల్లీనా?"

గౌరి నోరు తెరిచింది. బుట్ట పక్కనున్న తల్లి లక్ష్మణమ్మ కళ్ళురిమింది. తెరిచిన నోరు మూతపడింది. పాట తెగేదాకా సొంత పడవ చేపని ఇంటిమనిషి బాగుందనకూడదు. అంటే దిష్టి తగిలి రేపు వల ఖాళీగా వస్తుంది. ఆ ఒడ్డున పాలుతాగే పిల్లకీ తెలుసు ఆ సంగతి.

"ఏటే, నోరు పడిపోనాదేటి?" తనతోపాటే ఇంగ్లీషు నేర్చుకున్న సుహాసిని పక్కనుంచి మోచేత్తో పొడిచింది.

"సార్, అది మా పడవ సేప. పాట అవనీండి, సెప్తాను."

"ఇది గ్రామర్ పరీక్షమ్మా, దిష్టి తీసే చోటు కాదు. నెక్స్ట్!"

సుహాసిని ముందుకొచ్చి, వీడియోలోకి పళ్ళన్నీ చూపించి, "ఇట్ లుక్స్ బ్యూటిఫుల్లీ!" అంది. తోకతో సహా.

"అదీ కాన్ఫిడెన్సంటే!" సారు చప్పట్లు కొట్టాడు. తోక పెడితే తంతానన్న సారే! ఉద్యోగం సుహాసినికి.

పాట తెగింది. గౌరి ఇసకలో పడుతూ లేస్తూ కారు దగ్గర సారుని అందుకుంది.

"ఇట్ లుక్స్ బ్యూటిఫుల్, సార్! 'లీ' లేదు. ఇప్పుడనొచ్చు, పాట అయిపోనాది."

"టైమైపోయిందమ్మా," అని సారు అద్దం ఎత్తేశాడు.

ఏసీ పోతుంది కదా మరి.

సుహాసిని మీద మాకు పగ లేదు. తప్పుకి చప్పట్లు కొట్టినోళ్ళ మీదే. రేపు పొద్దున్నే రండి. ఇద్దర్నీ అదే ఒడ్డున నిలబెట్టి, అదే ప్రశ్న మళ్ళీ అడగండి. పక్క పడవ చేప చూపించి అడగండి, లేదంటే పాట తెగేదాకా నోర్మూసుకుని ఆగండి. సరిగ్గా చెప్పిన పిల్లకి ఉద్యోగమివ్వండి. అందాకా మీ భోజనాల హాలు తలుపు తెరవడానికి వీల్లేదు.