గోడకి అటు మా నాన్న, ఇటు మా ఆయన

మా ఇంట్లో గొట్టాలు నాన్నవి, తీగలు మా ఆయనవి, కాగితాలు నావి. నాన్న ప్లంబరు, మా ఆయన ఎలక్ట్రీషియను. ఎవరి పని ఒప్పుకున్నా ముందు నగర కార్యాలయం నుంచి అనుమతి తేవాలి, ఆ తిరుగుడు నాది. పదకొండేళ్లలో నా ఫైలు ఒక్కటి కూడా కౌంటరు నుంచి వెనక్కి రాలేదు. గొప్పలు చెప్పుకుంటున్నానా అంటే, అవును. ఉన్నది చెప్పుకోవడానికి నాకేం మొహమాటం?

మామా అల్లుళ్లకి మాత్రం ఏ విషయంలోనూ పొసగదు. గోడలో ఏది ఎక్కడొస్తుందో చూపే బొమ్మ గీయాలంటే నాన్న నీళ్లు పడే గదిలో నిలబడి గీస్తారు. మా ఆయన స్విచ్చు నొక్కే గదిలో నిలబడి గీస్తారు. నాన్నకి పని నేర్పినాయన అలా నేర్పాడట, మా ఆయనకి నేర్పినాయన ఇలా. ఎవరి పద్ధతి వాళ్లకి వేదం. ఆ బొమ్మల్లో వేలు పెట్టకుండా ఫారాలు నింపుకోవడమే నా పద్ధతి.

ఈసారి పని మా పిన్నిది. అమ్మకి చెల్లెలు. ఇరవై రెండేళ్లుగా ఎవరిదో సెలూన్లో, రెండో కుర్చీ వెనక నిలబడి జుట్టు కత్తిరించింది. వచ్చేవాళ్లకి ఆమె పేరు తెలియదు, "రెండో కుర్చీ ఆవిడ" అంటారు. ఇన్నాళ్లకి ధైర్యం చేసి, సొంత సెలూను పెట్టడానికి రెండు గదుల షాపు అద్దెకి తీసుకుంది. ముందు గదిలో అద్దాలు, కుర్చీలు. వెనక గదిలో తలలు కడిగే బేసిన్లు. మధ్యలో నాలుగు మీటర్ల గోడ. దానికి అటు నాన్న పని, ఇటు మా ఆయన పని. ఒకే గోడ మీద ఇద్దరికీ పని పడటం ఇదే మొదలు.

షాపు అద్దెకిచ్చినాయన ఒకే మాట చెప్పాడు. ఒకటో తారీఖుకి తెరవకపోతే వరసలో ఉన్న ఇంకొకరికి ఇచ్చేస్తాడు. ఒకటో తారీఖు ఇంకా పది రోజులుంది.

"ఏమే, అయిపోతుందంటావా?" అంది పిన్ని.

"నా చేతిలో పడ్డాక అవ్వకపోవడమేంటి పిన్నీ!"

మర్నాడు పొద్దున్నే కౌంటరు దగ్గర నిలబడ్డాను. అక్కడ కూర్చునే ఆవిడని మేమంతా కళ్లజోడావిడ అంటాం. బియ్యంలో రాళ్లేరినట్టు కాగితాలు చూస్తుంది. నాన్న బొమ్మలో గొట్టం ఎడమ చివర నుంచి మీటరు దూరం. మా ఆయన బొమ్మలో మెయిన్ స్విచ్చు పెట్టె కుడి చివర నుంచి మీటరు. రెండింటి మధ్య దూరం ఎంత అని ఫారంలో ఒక గడి ఉంటుంది. "రెండు మీటర్లు" అని నేనే రాశాను. కళ్లజోడావిడ ముద్ర వేసింది. రేపు తొమ్మిదింటికి ఇన్‌స్పెక్టరు వచ్చి, గోడ మీది గుర్తులు బొమ్మతో సరిపోయాయో లేదో చూసి వెళ్తాడు. ఆ తర్వాతే గోడ మీద ఉలి పెట్టాలి. ఆ వంతు తప్పితే మళ్లీ రెండు వారాలకి.

కాగితాలు ఊపుకుంటూ షాపుకి వెళ్లాను. పిన్ని రెండూ తీసుకుని పక్కపక్కన పెట్టి చూసింది. వెనక గదిలోకి వెళ్లి వచ్చింది. మళ్లీ వెళ్లి వచ్చింది.

"బావా, నువ్వీ బొమ్మ ఎక్కడ నిలబడి గీశావు?"

"ఎక్కడేంటి, నీళ్ల గదిలో" అన్నారు నాన్న.

"మరి నువ్వు, నాయనా?"

"ముందు గదిలోనండీ చిన్నత్తయ్యగారూ. అదేగా పద్ధతి" అన్నారు మా ఆయన.

"అయితే ఆయన ఎడమా, నీ కుడీ ఒకటే కదా!" అంది పిన్ని. "ఇన్నేళ్లూ అద్దంలో చూసి పని చేసినదాన్ని. ఎడమ కుడి ఎలా తారుమారవుతాయో నాకు తెలుసు."

ఎవరూ నమ్మలేదు. నాన్న విసురుగా వెనక గదిలోకి వెళ్లి, తన సుద్దగుర్తు మీద సుత్తితో రెండు దెబ్బలు కొట్టారు. ఆ చప్పుడు సరిగ్గా మా ఆయన గీసిన పెట్టె నడిమధ్య నుంచి వచ్చింది. నీళ్ల గొట్టం, కరెంటు పెట్టె ఒకదాని వీపుకి ఒకటి ఆనుకుని వస్తాయన్నమాట.

ఇక చూడండి. "ఈ కాలం పిల్లలకి గోడకి ముందేదో వెనకేదో తెలియదు" అని నాన్న. "మామయ్యగారూ, జనం కూర్చునేది ముందు గదిలోనే" అని మా ఆయన. నేనిద్దరి మాటా వినలేదు. రెండు మీటర్లన్నది నా చేతిరాత. ఆ గదిలోంచి ఈ గదిలోకి ఆరడుగులు వేసి చూసుకుంటే తేలిపోయేది. నా మీద నాకే ఒళ్లు మండిపోయింది.

"పెట్టెని అటు చివరికి జరిపేస్తాను. కాగితం ఎవరు చూస్తారు?" అన్నారు మా ఆయన.

"ఇన్‌స్పెక్టరు టేపు పెట్టి మరీ చూస్తాడు" అన్నారు నాన్న. ఇద్దరూ నా వైపు చూశారు.

పిన్ని ఇంకా ప్లాస్టిక్ తొడుగు తీయని కొత్త కుర్చీలో కూర్చుండిపోయింది. "అక్కడ మానేసి వచ్చానే. ఆ రెండో కుర్చీలో ఇప్పుడు ఇంకో అమ్మాయి ఉంది" అంది.

"నువ్వు ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. కౌంటరు నాలుగింటిదాకా ఉంటుంది" అన్నాను. అప్పటికి ఒంటిగంటన్నర.

"నాన్నా, మీరు ఇటు రండి. ఇద్దరూ ఇదే గదిలో నిలబడి, ఒకే కాగితం మీద గీయండి."

"నేనా? పొడి గదిలోనా?"

"మీరే."

నాన్న ముందు గదిలోకి కొత్తల్లుడు అత్తారింట్లో అడుగు పెట్టినట్టు బిగుసుకుపోయి వచ్చారు. టేపు ఒక కొస ఆయన పట్టుకున్నారు, రెండో కొస మా ఆయన పట్టుకున్నారు. పెట్టె అటు చివరికి వెళ్లింది. ఈసారి రెండు గదుల్లోనూ నేనే తిరిగి, నా చేత్తో కొలిచాను.

మూడున్నరకి కౌంటరు దగ్గరికి చేరాను.

"ఏంటమ్మా, ఏమైనా మర్చిపోయారా?" అంది కళ్లజోడావిడ.

"లేదండీ. తప్పు రాశాను."

జరిగింది జరిగినట్టు చెప్పి కొత్త బొమ్మ ముందు పెట్టాను. ఆవిడ పాత బొమ్మలు రెండూ మళ్లీ చూసింది. కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"నా కంట్లోనూ పడలేదు. రేపు అక్కడ బయటపడి ఉంటే మళ్లీ మొదటికొచ్చేది. ఇవాళ్టి రిజిస్టరు ఇంకా మూయలేదు కనక దిద్దుబాటు కింద తీసుకుంటాను, రేపటి తొమ్మిది గంటలు మారవు. కానీ పాత ఫైలు మీద వాపసు ముద్ర పడుతుంది. కింద మీ పొరపాటేనని సంతకం పెట్టాలి. పర్వాలేదా?"

పదకొండేళ్లూ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. వెంటనే కొత్త కుర్చీలో కూర్చున్న పిన్ని కూడా గుర్తొచ్చింది.

"వేయండి. గట్టిగానే వేయండి" అన్నాను.

మర్నాడు ఇన్‌స్పెక్టరు తొమ్మిదికి ఐదు నిమిషాల ముందే వచ్చాడు. అటు కొలిచాడు, ఇటు కొలిచాడు, సరేనని సంతకం పెట్టాడు. ఆ మధ్యాహ్నమే గోడ మీద ఉలి పడింది. ముప్పయ్యో తారీఖు పొద్దున్నకి గొట్టాల్లో నీళ్లు, తీగల్లో కరెంటు. ఇన్‌స్పెక్టరు మళ్లీ వచ్చి అన్నీ తిప్పి చూసి, గోడకి తగిలించే అనుమతి కార్డు పిన్ని చేతికే ఇచ్చాడు.

పిన్ని చాలాసేపు దాన్నే చదివింది. సెలూను యజమాని అన్నచోట తన పేరుంది.

"వెనక గదిలో పెట్టించు, నీళ్ల పనికిచ్చిన అనుమతి అది" అన్నారు నాన్న. "ముందు గదిలో పెడితేనే నలుగురికీ కనిపిస్తుంది" అన్నారు మా ఆయన. మళ్లీ మొదలైంది.

"ఆగండి ఇద్దరూ" అంది పిన్ని. ఇన్నేళ్లలో ఆమె గొంతు అంత పెద్దగా నేనెప్పుడూ వినలేదు. "నా షాపు. నేను చెప్పిన చోట ఉంటుంది."

రెండు గదుల మధ్య తలుపు పక్కన, ముందు గది వైపు గోడ మీద మేకు ఆనించి, సుత్తి ఎత్తి ఆగింది.

"ఇక్కడ గోడలో ఏముంది?"

"ఏమీ లేదు" అన్నారు నాన్నా, మా ఆయనా ఒకేసారి.

పిన్ని నా వైపు చూసింది. నేను అటు గదిలోకి వెళ్లి చూసి, వెనక్కి వచ్చి, కొట్టమన్నాను.