తాడు తెంపుకున్న పొట్టేలు

నా కొడుకు ఫైడ్రియాస్‌కి మూడేళ్లు నిండిన ఏడు, చలి మొదలయ్యే ముందు వచ్చే మూడు రోజుల పండగలో, మూడో రోజు పొద్దున్నే వాణ్ని భుజాన వేసుకుని, ఒక పొట్టేలును లాక్కుంటూ మా సోదర సంఘం బలిపీఠానికి బయల్దేరాను. అక్కడ పొట్టేలును జ్యూస్ దేవుడికి ఇచ్చి, "వీడు నా కొడుకు, వీడి తల్లి ఏథెన్సు ఆడపిల్ల" అని ఒట్టేసి చెబితే వాడి పేరు సంఘం పలక మీదికి ఎక్కుతుంది. ఎక్కితే వాడు పౌరుడు, నా తర్వాత పొలం వాడిది. ఎక్కకపోతే సొంత ఊళ్లోనే పరదేశి.

అడ్డు చెప్పేవాడు నోరు విప్పనక్కర్లేదు. పొట్టేలు తాడు పట్టుకుని పీఠం దగ్గర్నుంచి అవతలికి నడిపించుకుపోతే చాలు. కోశాక కూడా, తొడ ఎముకలు కాలిపోయే లోపు పీఠం మీద చెయ్యేసి 'ఒప్పుకోను' అనవచ్చు.

ఆ పని చేసి తీరతానని మా సంఘంవాడే అయిన మ్నేసోన్ నెల రోజులుగా ఊరంతా చెప్పుకు తిరుగుతున్నాడు. నా మూడు మేకలు వాడి ద్రాక్షతోటలో ముప్పై తీగలు మేశాయని వాడి కోపం. అది నిజమైతే నా మేకలకు ఓడలంత పొట్టలుండాలి. నా భార్య మెలిట్టా పక్క రాజ్యమైన మెగారా సరిహద్దులో పెరిగింది, మాటలో ఆ యాస తగులుతుంది. అంచేత ఆమె మెగారా మనిషేనని వాడి వాదన.

దీనికి తోడు పొట్టేలు సంగతొకటి. తల మీద నీళ్లు చల్లినప్పుడు అది తల వంచాలి. వంచకపోతే దేవుడి దగ్గరికి వెళ్లడం దానికి ఇష్టం లేదని లెక్క, ఇష్టం లేనిదాన్ని కోస్తే పాపం మనకు చుట్టుకుంటుంది. నీళ్లు కనబడగానే తల దానంతటదే వంగాలని ముందు రోజు దానికి ఉప్పు నాకించాను. పిడికెడు చాలు. నా ఆత్రంలో అది మూడు పిడికిళ్లయింది. దారిలో వాగు దాటేసరికి నా చెప్పు ఒకటి నీళ్లపాలయింది గానీ, దాన్ని చుక్క తాగనివ్వలేదు. తాగనిచ్చి ఉంటే వాగు ఎండిపోయి కప్పలు నా మీద దావా వేసేవి.

పీఠం దగ్గర అందరూ పొట్టేలును చేతుల్తో ఎత్తి బరువు చూశారు. "చిన్నది! చిన్నది!" అని అరిచారు. ఎద్దును తెచ్చినా అలాగే అరుస్తారు, అది మా ఆచారం. నవ్వుదామనుకున్నాను, మూతి కదల్లేదు. నా కళ్లు మ్నేసోన్ మీదే ఉన్నాయి. వాడు ద్రాక్షసారాలో కలిపే నీళ్ల బాన పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

పూజారి ఇస్మేనియాస్ బార్లీ గింజల బుట్ట పట్టుకుని పీఠం చుట్టూ నడిచాడు. కత్తి ఆ గింజల కిందే ఉంటుంది, జంతువు కంట పడకూడదు. చేతులు కడుక్కోవడానికి నేను పళ్లెం మీదికి వంగానో లేదో, పొట్టేలు ఒక్క గుంజు గుంజింది. సగం తాడు నా చేతిలో, సగం దాని మెడకి. అది బాన వైపు దౌడు తీసింది.

బాన అందేలోపే మ్నేసోన్ తాడు దొరకబుచ్చుకున్నాడు.

"చూశారా!" అన్నాడు. "నేను లాగలేదు. పొట్టేలే ఒప్పుకోనని నా దగ్గరికొచ్చింది!"

"వదలరా తాడు!" అని అరిచాను. భుజం మీద పిల్లాడు ఉలిక్కిపడి ఏడుపందుకున్నాడు.

ఇస్మేనియాస్ చెయ్యెత్తాడు. "ఆగరా స్కోపాస్. వాడి హక్కు వాడిది. మ్నేసోన్, నడిపించుకుపోతావా, పో. ముందు ఇలా వచ్చి పీఠం మీద చెయ్యి పెట్టు. మెలిట్టా పరదేశని చెప్పు. అబద్ధమైతే నీ ఇంట పుట్టబోయే బిడ్డతో సహా నాశనమైపోవాలని నీ నోటితోనే అను."

"దానికేం, అంటాను."

వెనక నుంచి ముసలి లూసిస్ అందుకున్నాడు. "ఒరేయ్, వీడి పెళ్లికి ఆ పిల్ల పేరున సంఘానికి విందు పెట్టినప్పుడు మాంసం రెండుసార్లు వడ్డించుకున్నావు గదరా. అప్పుడు కనబడలేదా మెగారా?"

"అప్పుడు ఆకలి మీదున్నా బాబాయ్."

అందరూ ఘొల్లుమన్నారు. మ్నేసోన్ నవ్వలేదు. వాడి కోడలికి అది తొమ్మిదో నెల. పుట్టబోయే బిడ్డ అన్న మాట వాడికి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. పీఠం వైపు రెండడుగులు వేశాడు, ఆగాడు. మళ్లీ ఒకడుగు. నా గుండె చప్పుడు పక్కూరికి వినబడి, అక్కడివాళ్లు ఎవరో డప్పు కొడుతున్నారనుకున్నారట. దాహంతో ఉన్న పొట్టేలు వాడి అరచేయి నాకడం మొదలెట్టింది. అంత చెమట పట్టింది వాడికి.

వాడు తాడు తెచ్చి నా చేతిలో పడేశాడు. "నీ మేకల్ని కట్టెయ్యి ముందు" అని గొణిగి పక్కకి జరిగాడు.

పళ్లెం కనబడగానే పొట్టేలు తల వంచింది. "ఒప్పుకుంది!" అని కేక వేశారు. మిగతా పని, నా ఒట్టుతో సహా, చకచకా అయిపోయింది. కొవ్వు చుట్టిన తొడ ఎముకలు మంటలోకి వెళ్లాయి. పొగ దేవుడిది, కూర మాది.

కట్టెలు మాత్రం పచ్చివి. పొగే గానీ మంట లేదు. మ్నేసోన్ పీఠం చుట్టూ తిరుగుతున్నాడు, వాడి వెనకే నా చూపూ తిరుగుతోంది. పిల్లాణ్ని లూసిస్‌కి అందించి, మోకాళ్ల మీద కూలబడి ఊదాను. విసిరాను. మళ్లీ ఊదాను.

"దేవుడికేం తొందర లేదురా!" అన్నారెవరో.

"నాకుంది!" అన్నాను.

గుప్పున నా మొహం మీదికే మంట లేచింది. ఎముకలు నల్లబడి పగిలాయి. ఒప్పుకోనివాళ్లున్నారా అని ఇస్మేనియాస్ మూడుసార్లు అడిగాడు, ఎవరూ పలకలేదు. "స్కోపాస్ కొడుకు ఫైడ్రియాస్" అని గట్టిగా చదివి, పలక మీద గీశాడు.

ఇంటికొచ్చేసరికి మెలిట్టా గడపలో నిలబడి ఉంది. పొద్దుట్నుంచీ కూర్చోలేదట.

"రాశారా?"

"రాశారు."

పిల్లాణ్ని లాక్కుని గుండెకి హత్తుకుంది. ఏడ్చింది. తర్వాత నా మొహంలోకి చూసి, "సగం గడ్డం ఏదయ్యా?" అంది.