కుడివైపు గొంతు

రేడియో మెకానిక్‌కి చేతిలో పనితనం ఎంత ఉందో నోట్లో గొప్పలూ అంతే. వైర్‌లెస్ స్పీకర్లు అమ్మిన కంపెనీ మూతపడి, దాని సర్వర్ ఆగి అవి మూగబోగానే వీధిలో అందరూ వాటిని చెత్తలో పడేశారు. ఆయన మాత్రం రెండు ఏరుకొచ్చి, పొట్టలు విప్పి, లోపలి బోర్డులు మార్చి, ఒక పాత కంప్యూటర్‌ని సొంత సర్వర్‌గా మంచం కింద పెట్టి, నెలరోజులు కుస్తీ పట్టాడు. రెండూ ఒకే క్షణంలో పలకాలి. ఒకటి రవ్వంత వెనకబడినా పాట తడబడుతుంది.

ఇదంతా భార్య కోసం. గొంతులో గడ్డ కోసి తీసేశాక ఆమెకి మాట పోయింది. ఏం కావాలన్నా పలక మీద రాస్తుంది. పెళ్లయిన కొత్తలో ఇద్దరూ కలిసి పాడిన పాటొక్కటే ఆమె గొంతుకి మిగిలిన ఆనవాలు. ఇంట్లో ఉన్న ఒంటి స్పీకరు ఎడమవైపుదే పలికేది, అంటే ఆయన గొంతే. "నీది కుడివైపు రికార్డయింది. రెండో స్పీకరు వచ్చాక వింటావులే" అని ఇరవై ఏళ్లుగా చెబుతూ వచ్చాడు. ఆమె నమ్మింది.

ఆదివారం పొద్దున ఆమెని రెండు స్పీకర్లకీ మధ్య కుర్చీలో కూర్చోబెట్టి పాట పెట్టాడు. ఎడమవైపు ఆయన గొంతు ఖంగుమంది. కుడివైపు సన్నటి బుసే తప్ప ఇంకేమీ లేదు.

"జత సరిగ్గా కుదిరినట్టు లేదు, ఉండు" అని సర్వర్‌లో కుడిని ఎడమకీ, ఎడమని కుడికీ మార్చాడు. ఆయన గొంతు ఎంచక్కా కుడి స్పీకరులోకి వచ్చింది. బుస ఎడమకి పోయింది. స్పీకర్లలో ఏ లోపమూ లేదు.

అప్పుడు గుర్తొచ్చింది మహానుభావుడికి. పాట రికార్డు చేసిన రోజు ఆమె గొంతు తనని మించిపోతుంటే ఓర్వలేక, రికార్డింగ్ అతన్ని పక్కకి పిలిచి తనే అన్నాడు: "ఆవిడ మైకు ఆపెయ్యండి. ఆవిడకి తెలియనక్కర్లేదు." ఆ తర్వాత ఆడిన అబద్ధాన్ని చెప్పీ చెప్పీ చివరికి తనే నమ్మేశాడు.

సిగ్గుతో చచ్చిపోయాడు. అయినా నోరు ఊరుకోలేదు. "రెండో స్పీకరు చెడిపోయినట్టుంది. రేపు మళ్లీ విప్పి చూస్తాలే" అన్నాడు.

ఆమె ఇన్నేళ్లుగా మెకానిక్ పెళ్లాం. ఎడమా కుడీ మార్చి చూసేది లోపం స్పీకరులో ఉందో రికార్డులో ఉందో తేల్చడానికని ఆమెకి తెలుసు. పలక తీసుకుని రాసి, ఆయన ఒళ్లో పెట్టి, లోపలికి వెళ్లిపోయింది.

"స్పీకర్లు రెండూ బాగానే ఉన్నాయి. మీ గొంతు కూడా ఆపెయ్యండి."