అరంగుళం చొప్పున అబద్ధం

మా ఇంటి ముందుగదే మా అమ్మాయి కుట్టుకొట్టు. దాని మిషను టకటకలాడితే గానీ మా వీధికి తెల్లవారినట్టు కాదు. దాని కూతురికి పదిహేనేళ్ళు. పుట్టినప్పుడు గుండ్రంగా ఉందని నేనే ముద్దుగా బంతి అన్నాను. ఇప్పుడు ఆ పేరు వింటేనే దానికి మంట.

బళ్ళో పాటల పోటీ వచ్చింది. జట్టులో అందరూ ఒకే రకం నీలం స్కర్టు వేసుకోవాలట. మా అమ్మాయి టేపు చుట్టి చూస్తే నడుము ముప్పై.

"ఇరవై ఎనిమిదికి కుట్టమ్మా," అంది బంతి.

"మిగతా రెండంగుళాలూ ఎక్కడ పెట్టుకుంటావే, పుస్తకాల సంచీలోనా?"

"పోటీకి మూడు వారాలుంది. తగ్గుతాగా!"

పంతం పట్టిందంటే దేవుడు దిగొచ్చినా వినదు. ఇరవై ఎనిమిదికే కుట్టించుకుంది.

ఆ మర్నాటి నుంచి పొద్దున తిండి మానేసింది. మధ్యాహ్నం డబ్బా స్నేహితురాలికిచ్చి, తను ఒక పండుతో సరిపెట్టేది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కళ్ళు తిరిగే ఆకలి. బిస్కెట్ల డబ్బా ముందేసుకుని అడుగు కనిపించేదాకా తినేది. తిన్నందుకు ఏడ్చి, రాత్రి కంచం తోసేసేది. ఇల్లెగిరిపోయేలా పాడే పిల్ల గొంతు పీలగా అయిపోయింది.

ఆదివారం స్కర్టు వేసుకుంటే కొక్కెం అందలేదు. తలుపేసుకుని ఏడ్చింది. నా ప్రాణం ఊరుకోలేదు. మా అమ్మాయి దారాలు కొనడానికి వెళ్ళినప్పుడు నడుము పట్టీ విప్పి, లోపల వదిలిన గుడ్డలోంచి అరంగుళం తీసి మళ్ళీ కుట్టేశాను. కొక్కెం కాస్త దగ్గరికొచ్చిందంటే పిల్ల సంతోషపడి తింటుందిలే అనుకున్నాను.

పై ఆదివారం అది గంతులేసుకుంటూ వచ్చింది.

"అమ్మమ్మా, కొక్కెం దగ్గరికొచ్చింది, అరంగుళం తగ్గాను! చూశావా, తినకపోతే ఎలా పనిచేస్తోందో! రేపటినుంచి మధ్యాహ్నం పండు కూడా మానేస్తా."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదే. బుద్ధున్నదైతే అక్కడే నిజం చెప్పేది. నేను మాత్రం కొక్కెం పట్టేస్తే ఆపేస్తుంది కదాని ఇంకో అరంగుళం వదిలాను. మర్నాడు ఊపిరి బిగబడితే కొక్కెం పట్టింది. అది ఆపితేనా! "ఇంకో వారముంది, ఇరవై ఏడుకి దిగుతా," అంది.

మంగళవారం పాటల టీచరు దాన్ని చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది. పాట మధ్యలో కూలబడిందట. పొద్దున ఏం తిన్నావంటే మంచినీళ్ళందట.

ముగ్గురం డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాం. ఆవిడ పరీక్షలన్నీ చేసి, తాపీగా చెప్పింది.

"ఎదిగే ఒళ్ళమ్మా ఇది, మాడిస్తే ఊరుకోదు. మూడు పూటలా తిను. గుడ్డో పప్పో, కూరలు, పండ్లు ఉండాలి. బిస్కెట్లు, తీపి పానీయాలు ఎప్పుడైనా ఒకసారి. రోజూ ఓ గంట ఆడు, లేదా నడువు. కంటినిండా నిద్రపో. అప్పుడు ఒళ్ళు ఎలా ఉండాలో అదే చూసుకుంటుంది. తొందరేం లేదు."

"కానీ పనిచేస్తోంది కదండీ! రెండు వారాల్లో అంగుళం తగ్గాను," అంది బంతి.

ఇప్పుడూ నోరు విప్పకపోతే ఈ పిల్ల నా కుట్టును నమ్మే మాడిపోతుంది.

"తగ్గింది నువ్వు కాదే తల్లీ," అన్నాను. "పెరిగింది స్కర్టు. నేనే విప్పి కుట్టాను."

డాక్టరమ్మ టేపు తీసి చుట్టింది. ముప్పై. దారమంతైనా తగ్గలేదు.

"నా మిషను మీదేనా అమ్మా!" అంది మా అమ్మాయి.

బంతి మాత్రం నావైపు చూడనైనా చూడలేదు.

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తిండీ అంతంతమాత్రమే, వాళ్ళమ్మ పోరు పడలేక నాలుగు ముద్దలు. నేను బతిమాలలేదు. బతిమాలే అర్హత పోగొట్టుకున్నదాన్ని. మూడోనాడు పొద్దున గుడ్లు ఉడికించి, రొట్టె కాల్చి, పండు కోసి రెండు పళ్ళాల్లో పెట్టాను. ఒకటి దాని కుర్చీ ముందుంచి, రెండోది నేను తినడం మొదలుపెట్టాను.

అది వచ్చి కూర్చుంది. పండు ముక్క తింది. రొట్టె తింది. గుడ్డు తింది.

"అమ్మా," అని ముందుగదిలోకి కేకేసింది, "ఆ స్కర్టు ముప్పైకే కుట్టెయ్. ఊపిరాడకపోతే పై స్వరం అందట్లేదు."

మిషను టక్కున ఆగి, మళ్ళీ మొదలైంది.

"ఇంకో గుడ్డుందా?" అంది, గోడవైపు చూస్తూ.

"ఉందే."

"నిజంగా ఉందా, ఇదీ నీ కుట్టుపనేనా?"

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. గుడ్డు దాని పళ్ళెంలో వేశాను.

"సాయంత్రం నాతో నడకకి రావాలి నువ్వు. అదే నీకు శిక్ష," అంది.

"నా మోకాళ్ళు చూడవే!"

"దొంగతనంగా మిషను తొక్కినప్పుడు లేని మోకాళ్ళు ఇప్పుడొచ్చాయా?"

చెప్పులు ఎక్కడ పెట్టానో వెతుక్కోవడానికి లేచాను.